బయట టీచరు

ఆవిడ పోయారన్న కబురు నాకు ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతుండగా తెలిసింది. బల్ల మీద పెట్టిన ఫోను వెలిగింది. స్టాఫ్ గ్రూపులో పొద్దుటి శుభోదయాలూ, యూనిట్ టెస్టు సిలబసూ, వాటి కింద ఆవిడ ఫొటో, రేపు ఉదయం భూస్థాపన అని ఒక ముక్క. గోడ మీద కెమెరా ఉంది కాబట్టి ఏడవలేదు. ఏడిస్తే దోహాలోనో మస్కట్‌లోనో ఉన్న తండ్రి ఎవరో చూసి కరస్పాండెంట్ గారికి ఫోన్ చేస్తాడు. ఆయన సాయంత్రం నన్ను పిలిచి, "ఏవైందండీ మేడమ్ గారూ, క్లాసులో కళ్లు తుడుచుకుంటున్నారంట" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. అందుకని ఆ గంటంతా సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణలు చెప్పుకుంటూ పోయాను. బల్ల మీద ఆవిడ ఫొటో పెట్టుకుని, పిల్లల చేత మాటలు విడదీయించడం, మళ్లీ కలిపించడం. ఇంత చచ్చు పని నా సర్వీసులో ఎప్పుడూ చేయలేదు.

ఆవిడ మా బడిలో సైన్సు చెప్పేవారు. రాజోలుకి దగ్గరలో, చుట్టూ కొబ్బరితోటలు, వెనక డ్రైను కాలువ ఉన్న ఇంగ్లీషు మీడియం బడి మాది. నాకంటే పదేళ్లు పెద్ద. రెండేళ్ల కిందట ఆవిణ్ణి మానిపించేశారు, ఎందుకో చెబుతాను. ఆ తర్వాత ఎక్కడా చేరలేదు. చర్చి దగ్గరో, రాజోలు బజారులోనో ఎదురుపడి "ఎలా ఉన్నారండి" అని అడిగితే, "లోపలే ఉన్నానండి" అనేవారు. అలా ఎందుకు అనేవారంటే, పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు బయట టీచరు. ఆ పేరు ఆవిడకి తెలుసు. విని మురిసిపోయేవారు కూడా.

క్లాసులో అడుగుపెడితే కుర్చీ వంక చూసేవారు కారు. తిన్నగా కిటికీల దగ్గరికి వెళ్లి రెక్కలన్నీ బార్లా తెరిచేవారు. "గాలి రానివ్వండర్రా, బుర్రలు ఉడికిపోతన్నాయి" అనేవారు. కుచ్చిళ్లు నాలుగు వేళ్లు పైకి దోపుకుని, కాళ్లకి రబ్బరు చెప్పులతో తిరిగేవారు. టీచర్లు కాస్త హుందాగా ఉండాలని ప్రిన్సిపాల్ గారు ఒకసారి అంటే, "బురదకి హుందాతనం తెలీదు కదండి" అన్నారు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆవిడ చేతిసంచీలో దువ్వెన, పౌడరు లాంటివి ఉండేవి కావు. కొబ్బరి ఈనెలు, రబ్బరు బ్యాండ్లు, కూల్‌డ్రింకు గొట్టాలు, అగ్గిపెట్టెలు ఉండేవి. ఒకరోజు తలనొప్పికి బిళ్ల ఉందా అంటే పాఠం ధ్యాసలో ఒక అగ్గిపెట్టె చేతిలో పెట్టారు. తీసి చూస్తే పేడపురుగు. తలనొప్పి ఆ దెబ్బకే పోయిందనుకోండి. ఆవిడ మాత్రం "జాగ్రత్తండి, దాని కాలు విరిగిపోద్ది" అన్నారు.

ఇంకో జబ్బు కూడా ఉండేది ఆవిడకి. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. "ఆయ్, మరి నువ్వేమనుకుంటున్నావ్?" అంటారు. పిల్లలు ఉడుక్కునేవారు. ఒకసారి నేను అమలాపురం బస్సు వెళ్లిపోయిందా అని అడిగితే, "మీరేమనుకుంటున్నారండి?" అన్నారు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది, బస్సు కూడా తప్పిపోయింది.

ఇదంతా విని, ఆవిడకి కొత్త సాధనాలంటే గిట్టదని అనుకునేరు. అదేం లేదు. పిల్లలు కొబ్బరాకుతో గాలిమరలు చేస్తే, వాటిని ఫోనులో వీడియో తీసి, క్లాసులో పెద్ద తెర మీద నెమ్మదిగా తిప్పి చూపించేవారు. ఏ రెక్క వంకరగా ఉందో, ఏ మర ఎందుకు ఆగిపోతోందో పిల్లలే పట్టుకునేవారు. పట్టుకున్నవాడు ఆ గంటలోనే ఇంకోటి చేసుకుని వచ్చేవాడు. ఆ తెరతో ఆవిడకి ఒక్కటే పేచీ. నదుల పాఠంలో అది చూపించే బొమ్మలో నీళ్లు కొండల్లో పుట్టి సముద్రం వైపు పోతూ ఉంటాయి, అంతే. "ఈ తెరలో గోదారి ఎప్పుడూ ఒకవైపుకే పోతాదండి. మన కాలవ అలాక్కాదు కదా" అనేవారు.

నిజమే. సముద్రం ఎంతో దూరం లేదు మాకు. పోటు వచ్చినప్పుడు డ్రైనులో నీళ్లు వెనక్కి మళ్లి ఎదురెక్కుతాయి. పాటుకి మళ్లీ దిగుతాయి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు రోజూ ఆ వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ వస్తూ కూడా పరీక్షలో నీళ్లు ఒకవైపే పోతాయని రాసి మార్కులు తెచ్చుకుంటారు. అది ఆవిడ భరించలేకపోయేవారు. "పుస్తకం ఎక్కడికీ పోదు, నీళ్లు పోతాయి. ముందు నీళ్లు చూసొద్దాం పదండి" అని వెనక గేటు తీసి గట్టు మీదికి తీసుకెళ్లిపోయేవారు. పిల్లలు తాటిచెట్టు నీడలో కూర్చుని, ఎండుటాకు ఒకటి నీళ్లలో వేసి, అది ఏ వైపుకి పోతుందో చూస్తూ నోట్సు రాసుకునేవారు. గట్టు అంచున ఆవిడ, గొడుగు అడ్డంగా పట్టుకుని నిలబడేవారు. ఆ గొడుగు దాటి ఒక్కడూ ముందుకి రావడానికి వీల్లేదు.

అప్పుడు వచ్చాయి కెమెరాలు.

మా పిల్లల్లో సగం మంది తల్లో తండ్రో గల్ఫులోనే ఉంటారు. అమ్మమ్మల దగ్గర, మేనత్తల దగ్గర పెరిగే పిల్లలు. కరస్పాండెంట్ గారు ప్రతి క్లాసులోనూ పక్క గోడకి ఎత్తుగా ఒక కెమెరా పెట్టించి, తల్లిదండ్రుల ఫోనుల్లో యాప్ ఇచ్చారు. బెంచీలన్నీ కనబడతాయి, ఒక చివర బోర్డు కూడా కనబడుతుంది. బొమ్మే గాని మాట వినబడదు. "కువైట్‌లో ఉన్న తల్లి ఇక్కడ పిల్లని చూసుకోవచ్చండి. ఇంతకన్నా ఏం కావాలండి?" అని మీటింగులో చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెల్లెలు కూడా అక్కడే పనిచేసేది. దొంగ కన్నీళ్లు కావవి.

కెమెరాలు పెట్టిన వారం తిరక్కుండానే ఆవిడ ఏడో తరగతిని కాలువ గట్టుకి తీసుకెళ్లారు. అందరూ వెళ్లారు. ఆ క్లాసులో కెజియ అనే పిల్ల ఉంది. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర. ఆ తల్లి అక్కడ ఫోను తెరిచింది. ఖాళీ బెంచీలు కనపడ్డాయి. ఒక సంచీ కింద పడి ఉంది. పగలు, బడి వేళ, పిల్ల లేదు. ఆ పిల్ల తల్లి వెంటనే తన అమ్మకి ఫోన్ చేసి బావురుమంది. ముసలమ్మ ఆటోలో వీధి వీధంతా వేసుకుని వచ్చిపడింది.

"పిల్లలేరంటండి టీచర్ గారూ, మా అమ్మాయి అక్కడ ఏడుత్తందండి, బడికేమన్నా అయిందాండి?" అని నా చెయ్యి పట్టుకుని క్లాసు వైపు లాగింది. ఈలోపు కరస్పాండెంట్ గారి ఫోను ఆగకుండా మోగుతోంది, మస్కట్ నుంచి, దోహా నుంచి. పిల్లలు మాత్రం కేకేస్తే వినపడేంత దూరంలో కూర్చుని, ఎండుటాకు వెనక్కి మళ్లిందని చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు ఆవిణ్ణి పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను.

"మీరు మంచి టీచరండి, నేను కాదన్లేదు. కానీ కెమెరాలో కనపడని పిల్లకి నేనేం జవాబు చెప్పుకోనండి? నీళ్ల పక్కన ఒక్క పిల్లకి ఏదన్నా అయిందనుకోండి, తట్టుకోగలమా?" అన్నారు కరస్పాండెంట్ గారు.

"ఇన్నేళ్లలో ఒక్కళ్ల కాలు తడవలేదండి."

"అయితే ఒక పని చేద్దారండి. ఆ కెజియ వాళ్లమ్మ ఒప్పుకుంటే చూద్దాం. గొడవ అక్కణ్ణించే మొదలైంది కదా."

ఆయన ఆ మాత్రం అన్నాక ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అప్పటికే కెజియ సంగతి ఆవిడ్ని తినేస్తోంది. అమ్మ ఏడ్చిందని తెలిశాక ఆ పిల్ల బెంచీ వదలడం మానేసింది. ఆటల పీరియడుకి రాదు. మంచినీళ్లకి వెళ్లదు. మిగతా పిల్లలు ఆకుతో మరలు చేసుకుంటుంటే ముట్టుకోదు. కెమెరాకి ఎదురుగా, మెడ నిటారుగా పెట్టుకుని, ముందున్న పుస్తకం చూస్తూ కూర్చుంటుంది. ఏమ్మా అంటే, "అమ్మ చూత్తాదండి" అంటుంది. అంతకు ముందు ఎండుటాకు వెనక్కి మళ్లడం అందరికంటే ముందు చూసి అరిచిన పిల్ల అది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం ముసలమ్మ ఇంటికి వెళ్లాం. ముసలమ్మే కూతురికి ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. సైన్సు టీచరుగారు వివరంగా చెప్పారు. గొడుగు సంగతి చెప్పారు. నేను పక్కనే ఉంటాను, పిల్ల చెయ్యి పట్టుకుంటాను అన్నారు. అంతా విని అవతల ఆ తల్లి అంది:

"మీరు మంచోరేనండి. మా పిల్ల ఎప్పుడూ మీ గురించే చెప్తాదండి. కానండి, ఇక్కడ నాకు ఫోను పట్టుకోనిచ్చేది ఆ కాసేపేనండి. ఈళ్ల పిల్లలు బడికెళ్లేక, మేడం లేచేలోపు. పంచదార డబ్బాకి ఫోను ఆనించుకుని, కూరలు తరుక్కుంటా చూసుకుంటానండి. అది రాసుకుంటా రాసుకుంటా తల గోక్కుంటాది. అది చూసుకుంటే నాకు ఆ రోజు గడిచిపోద్దండి. మీరు బయటికి తీసుకెళ్తే నాకు ఖాళీ బెంచీ కనపడుద్దండి."

 సైన్సు టీచరుగారు "ఆయ్, అలాగేనమ్మా" అన్నారు. ఒక్క మాట వాదించలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నన్ను అడిగారు, "ఆ తల్లిది తప్పంటారేంటండి?"

"తప్పని ఎవరన్నారండి."

"మరి నాదా?"

"మీదీ కాదు."

"ఆయన్ని అందామంటే ఆయనదీ కాదు. ఎవరిదీ తప్పు కానప్పుడు ఆ పిల్లెందుకండీ అలా మేకు కొట్టినట్టు కూర్చుంటాది?"

"మీరేమనుకుంటున్నారు?" అన్నాను. ఉడికిద్దామని అన్నాను గాని, ఆవిడ నవ్వలేదు. రాజోలు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఆవిడ కాలువని లోపలికి తేవడం మొదలుపెట్టారు. బడికి ముందో, బడి వదిలాకో గట్టు దిగి, పోటప్పుడు ఒక సీసా, పాటప్పుడు ఒక సీసా నీళ్లు పట్టి ఉంచేవారు. ఒకదాంట్లో ఉప్పెక్కువ, ఒకదాంట్లో తక్కువ. నాలిక పెట్టకుండా ఏది ఎక్కువో ఎలా చెప్పాలి అన్నది ప్రశ్న. కూల్‌డ్రింకు గొట్టం అడుగున బంకమట్టి ముద్ద అంటించి నీళ్లలో నిలబెట్టారు. ఉప్పు నీళ్లలో గొట్టం కాస్త పైకి తేలుతుంది. కాసేపు బాగానే ఉంది గాని, మట్టి నీళ్లలో కరిగి గొట్టం పక్కకి పడిపోయింది. అందరూ నవ్వారు. కెజియ నవ్వలేదు. మర్నాడు ఇంటి నుంచి ఇంకో గొట్టం తెచ్చింది. అడుగుని కొవ్వొత్తి మైనంతో మూసి, లోపల చిటికెడు ఇసుక పోసి, పైనంతా ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టింది. అది నిటారుగా నిలబడింది. ఎవరూ చెప్పలేదు దానికి. సైన్సు టీచరుగారు ఆ గొట్టం తెచ్చి స్టాఫ్ రూములో మా అందరికీ చూపించారు. టీ గ్లాసులో కూడా ముంచి చూపించారు. లెక్కల మాస్టారు ఆ టీ తాగనన్నారు.

కానీ ఆ పిల్ల బుర్ర ఒకసారి కదిలాక ఇంక ఊరుకోలేదు. రెండు సీసాలూ అటూ ఇటూ చూసి, "ఏ గీత దగ్గర మళ్లుతాదండి?" అని అడిగింది. అంటే, గొట్టం ఏ గీత దాకా తేలేసరికి కాలువ వెనక్కి మళ్లుతుంది, పోటులో నీళ్లు ముందు మళ్లుతాయా, ముందు ఉప్పెక్కుతాయా అని. నాకు అర్థం కావడానికే రెండు రోజులు పట్టింది. ఆవిడ అలవాటు కొద్దీ "నువ్వేమనుకుంటున్నావ్?" అన్నారు.

"సీసాలో ఉన్నయ్యి మళ్లవు కదండి" అంది కెజియ.

 దానికి జవాబు కాలువలోనే ఉంది గాని అక్కడికి వెళ్లడానికి వీల్లేదు. గేటు పాతిక అడుగుల్లో ఉంది. ఆ రోజుల్లో ఆవిడ స్టాఫ్ రూముకి వచ్చి ఊరికే కూర్చునేవారు. నాకు ఆవిణ్ణి అలా చూస్తే కోపం వచ్చేది, ఎవరి మీదో తెలీని కోపం.

ఒక బుధవారం ఏం జరిగిందో నేను పక్క క్లాసులో ఉండి సగమే విన్నాను, మిగతాది పిల్లలు చెప్పారు. సైన్సు పీరియడు మొదలవగానే కెజియ బెంచీ దిగి బోర్డు దగ్గరికి వెళ్లింది. ఎన్నో వారాల తర్వాత అది బెంచీ దిగడం. సుద్దముక్క తీసుకుని, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. గొట్టం చేతిలో పట్టుకుని టీచరుగారి ముందు నిలబడింది. ఆవిడ బోర్డు చదివి, పైన కెమెరా చూసి, పిల్లని చూశారట. తీసుకెళ్లొద్దన్న మాట, ఉద్యోగం, కరస్పాండెంట్ గారు, అన్నీ ఆవిడకి తెలుసు. గొడుగు తీసి చంకలో పెట్టుకుని, "పదండి" అన్నారు.

క్లాసు చప్పుడు లేకుండా అయిపోయిందేమిటా అని నేను వెళ్లి చూశాను. బెంచీలన్నీ ఖాళీ. బోర్డు మీద ఇలా ఉంది:

అమ్మా, నేను కాలువ దగ్గర ఉన్నాను. టీచర్ గారు నా పక్కనే ఉన్నారు. బెల్లు కొట్టేసరికి వచ్చేస్తాను. నా సంచీ బెంచీ మీదే ఉంది.

తెలుగు టీచర్ని కదా, ముందు తప్పులు వెతికాను. ఒక్కటి లేదు. తర్వాత అర్థమైంది. ఇంతమంది పెద్దవాళ్లం, ఇన్నాళ్లూ, ఆ కెమెరా అటు నుంచి ఇటు చూసేదనే అనుకున్నాం. ఇటు నుంచి అటు ఒక మాట చెప్పొచ్చని ఏడో తరగతి పిల్లకి తోచింది. పంచదార డబ్బాకి ఆనించిన ఫోను గుర్తొచ్చి, నేను అక్షరాలకి అడ్డంగా ఉన్నానని గబుక్కున పక్కకి తప్పుకున్నాను.

కిటికీలోంచి చూస్తే గట్టు మీద ఆవిడ గొడుగు అడ్డంగా పట్టుకుని ఉన్నారు. కెజియ బోర్లా పడుకుని డబ్బాతో నీళ్లు తోడి గొట్టం ముంచి చూస్తోంది. ఒక పిల్లవాడు ఆకుల కట్ట పట్టుకుని ఒక్కో ఆకూ వదులుతున్నాడు. అందరూ ఎన్నో గీతో అరిచి చెబుతున్నారు. ఏ గీత దగ్గర మళ్లిందో అంతదూరం నుంచి నాకు వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే కెజియ పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మ ఏడవలేదండి టీచర్. ఆ పీరియడంతా బోర్డే చదువుకుందంటండి. నా రాత బాగుందందండి. తుడపొద్దని చెప్పమందండి."

సైన్సు టీచరుగారు తుడవొద్దని ఊడ్చే ఆమెకి చెప్పారు, లెక్కల మాస్టారికి చెప్పారు. ఆయన సణుక్కుంటూనే మిగిలిన సగం బోర్డులో లెక్కలు చేశారు. కానీ ఆ ఒక్క తల్లే కాదు గదా చూసేది. ఎవరో తండ్రి, బోర్డు మీద పాఠం బదులు ఉత్తరాలేమిటని అడిగాడు. ఇంకొకాయన, పిల్లలు కాలువలో దిగారా అని అడిగాడు. మధ్యాహ్నానికల్లా వెనక గేటుకి గొలుసు పడింది, గొలుసుకి తాళం పడింది. కరస్పాండెంట్ గారు క్లాసు గుమ్మం దాకా వచ్చి, పిల్లల ముందు ఏమీ అనకుండా, "ఆ బోర్డు కాస్త తుడిపించండి టీచర్ గారూ. ఈ ఏడు పరీక్షలయ్యాక మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయారు. ఆ మాటకి అర్థం మా ఇద్దరికీ తెలుసు. నేను అటెండెన్సు రిజిస్టరు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆవిడ డస్టరు తీసుకుని తనే తుడిచారు. నెమ్మదిగా, పై వరస నుంచి.  తుడవడం అయ్యాక డస్టరు పట్టుకుని గోడ వైపు తిరిగి అలాగే ఉండిపోయారు.

కెజియ బెంచీ దిగి పక్కకి వచ్చింది. "ఇవాళ ఏం రాయనండి?" అని అడిగింది.

నువ్వేమనుకుంటున్నావ్ అనలేదు ఆవిడ.  సుద్దముక్క మాత్రం ఇచ్చారు.

కెజియ మునివేళ్ల మీద నిలబడి, అందినంత ఎత్తులో రాసింది: అమ్మా, గేటుకి తాళం వేసేశారు.

అది మాత్రం ఆవిడ తుడవలేదు.